ఒకే తీగ, రెండు తరాలు



గత మాసం విజయవాడ వించిపేట నుండి ఒక విద్యార్థి తల్లి అసర్ నమాజు అనంతరం మా మదర్సాకు వచ్చారు. "మౌలానా సాబ్! పది గిగాబిట్ల కొత్త ఫైబర్ వస్తోందట. మా పాత బాక్సు ఇక పనికిరాదని కనెక్షన్లు అమ్మే అబ్బాయి అంటున్నాడు. కుట్టుపని చేసి బాబు ఫీజుకు దాచిన డబ్బుంది. కట్టేయమంటారా?" అని అడిగారు.

ఈ విద్యలో నాకు ప్రవేశం లేదు. రెండు రోజులు గడువు కోరి, ఫైబర్ పనిచేసే పూర్వ విద్యార్థిని అడిగి తెలుసుకున్న సంగతులను మీకూ మనవి చేస్తున్నాను.

ప్రకాశం బ్యారేజీ వద్ద బయలుదేరిన కాలువ పంట బోదెలుగా చీలినట్లే, ఆపరేటరు కార్యాలయం నుండి వచ్చిన ఒక్క గాజు పోగు వీధిలో స్ప్లిట్టర్ అనే చిన్న పెట్టె వద్ద 32 లేక 64 ఇళ్లకు చీలుతుంది. ఆ పెట్టెకు కరెంటు అక్కరలేదు. 2017 డిసెంబర్ 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కూడా కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, ఈ పద్ధతిలోనే నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోను, ఇంటర్నెట్ అందించింది.

జీపాన్ అనే పాత పద్ధతిలో ఇళ్ల వైపు వచ్చే వేగం సెకనుకు సుమారు 2.5 గిగాబిట్లు, ఇళ్ల నుండి పోయే వేగం అందులో సగం. దానినే ఆ శాఖలోని ఇళ్లన్నీ పంచుకుంటాయి. 2016లో ప్రమాణంగా ఆమోదం పొందిన ఎక్స్‌జీఎస్-పాన్‌లో రాకకూ పోకకూ సమానంగా పదేసి గిగాబిట్లు.

అయితే కొత్తది రావడానికి పాతది తొలగనక్కరలేదు. పాత పద్ధతి వెలుగు 1490, 1310 నానోమీటర్ల వద్ద, కొత్తదాని వెలుగు 1577, 1270 నానోమీటర్ల వద్ద నడుస్తుంది. కంటికి కనబడకపోయినా ఇవి వేర్వేరు రంగుల వంటివి. కార్యాలయంలో ఒక వడపోత పరికరం రెండింటినీ ఒకే పోగులో కలుపుతుంది. ఇంటి బాక్సు తన రంగును మాత్రమే స్వీకరిస్తుంది. వీధిలోని తీగ, స్ప్లిట్టర్ యథాతథంగా ఉంటాయి. తుఫానుకు తెగిన తీగను మళ్లీ లాగడం ఎంత శ్రమో ఎరిగిన దివిసీమ వాసులకు ఈ సౌలభ్యం విలువ చెప్పనక్కరలేదు.

కొత్త వేగం కావాలంటే మాత్రం కార్యాలయంలో కొత్త యంత్రం, ఇంట్లో కొత్త బాక్సు ఉండి తీరాలి. కనుక డబ్బు చెల్లించే ముందు మూడు ప్రశ్నలు వేయండి. మన వీధికి ఆ యంత్రం నిజంగా వచ్చిందా? పాత సేవను ఆపుతున్నట్లు ఆపరేటరు రాతపూర్వకంగా తెలిపారా? మన ఇంటి నుండి అంత పెద్ద ఫైళ్లు పంపే అవసరం ఉందా?

ఆ తల్లి ఇంట్లో బాబు పాఠాలు చూస్తాడు, హోంవర్కు ఫోటోలు పంపుతాడు. దానికి పాత బాక్సే చాలు. పక్కింటి యువకుడు పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి రోజూ పంపే వృత్తిలో ఉన్నాడు. అతనికి కొత్తది దుబారా కాదు, పనిముట్టు. అతను మార్చుకున్నా ఆమె బాక్సు ఆగదు.

దాచిన డబ్బు బాబు ఫీజుకే చేరింది.