బంధం అదే, కులమూ అదే: చచ్చిన సీరియల్‌కు ప్రాణం పోసేదెవరు?

పత్తి చేల నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, అన్నం వార్చి మా అమ్మ మా పిన్ని వాళ్లింటికి వెళ్లేది. మా వాడలో అప్పటికి టీవీ ఉన్న ఇళ్లు మూడో నాలుగో. పదిహేను మంది ఆడవాళ్లు నేల మీద కూర్చుని ‘చిన్నారి పెళ్లికూతురు’ చూసేవాళ్లు. ఒకరోజు తెర మీద ఏదో పండగ. ముప్పై మంది వరసగా కూర్చుని భోజనం చేస్తున్నారు. మా అమ్మ నా వైపు తిరిగి, “ఇంతమంది తిన్నాక ఆ అంట్లన్నీ ఎవరు తోముతారే?” అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇప్పుడు టీవీ సీరియళ్ల మీదే పీహెచ్‌డీ చేస్తున్నాను. ఈ రంగం గురించి చాలా పుస్తకాలు చదివాను. మా అమ్మ వేసిన ప్రశ్న కంటే మంచి పరిశోధనా ప్రశ్న నాకింకా దొరకలేదు.

ఆ ప్రశ్న మళ్లీ అడగాల్సిన అవసరం వచ్చింది. 2025 జులై 29న స్టార్ ప్లస్ ‘క్యూంకీ సాస్ భీ కభీ బహూ థీ’ని తిరిగి తెర మీదికి తెచ్చింది. పాతికేళ్ల కిందటి అదే తులసి, అదే మిహిర్, అదే శాంతినికేతన్ ఇల్లు. పడిపోతున్న టీవీ వినోదానికి ఇదొక సంజీవని అన్నట్టు ప్రచారం జరిగింది. ఈ సంజీవని కథ మనకు కొత్త కాదు. ఇదే సీరియల్‌కు ఇంతకుముందూ ఒకసారి వైద్యం చేశారు. ఆ వైద్యం ఎలా సాగిందో తెలిస్తే, ఇప్పటి వైద్యులు ఏ రోగాన్ని దాచిపెడుతున్నారో అర్థమవుతుంది.

2000 జులై 3న, ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’తో పాటు ఒకే రోజు ‘క్యూంకీ’ మొదలైంది. ఏళ్ల తరబడి దేశంలో నంబర్ వన్. తర్వాత రేటింగులు జారడం మొదలైంది. చనిపోయిన మిహిర్‌ను అంతకు ముందే తిరిగి తెచ్చారు. కథను ఒక్క ఎపిసోడ్‌లో ఇరవై ఏళ్లు ముందుకు దూకించారు. 2007లో తులసి పాత్రధారి స్మృతి ఇరానీ వెళ్లిపోతే ఆ పాత్రలోకి గౌతమీ కపూర్‌ను తెచ్చారు. 2008లో మళ్లీ స్మృతినే పిలిచారు. పైన కంపెనీలోనూ కుర్చీలు మారాయి. 2007లో స్టార్ ఇండియా సీఈఓగా న్యూస్ రంగం నుంచి వచ్చిన ఉదయ్ శంకర్ పగ్గాలు పట్టారు. ఆ తర్వాత నిర్మాణ సంస్థ బాలాజీకీ ఛానల్‌కూ చెడింది. తగువు బొంబాయి హైకోర్టు దాకా వెళ్లింది. 2008 నవంబర్ 6న, 1,833 ఎపిసోడ్ల తర్వాత, సీరియల్‌కు తెర పడింది.

ఈ మొత్తం వైద్యంలో ఏమేమి మార్చారో చూడండి. నటిని మార్చారు. కాలాన్ని మార్చారు. చావును మార్చారు. సీఈఓను మార్చారు. చివరికి సీరియల్‌నే తీసేశారు. మార్చనిది ఒక్కటే: ఆ ఇల్లు. విరానీలు గుజరాతీ వ్యాపార కుటుంబం. తులసి ఒక పూజారి కూతురు. పేదింటి పిల్ల గొప్పింటి కోడలైందని దేశమంతా కన్నీళ్లు పెట్టుకుంది. కానీ ఆ పెళ్లిలో దాటిన గీత డబ్బు గీత మాత్రమే. 1,833 ఎపిసోడ్లు చూసినవాళ్లను అడగండి: ఆ ఇంటికి కోడలిగానో, అల్లుడిగానో, తన కులం పేరు ధైర్యంగా చెప్పుకుని వచ్చిన ఒక్క దళిత పాత్ర పేరు చెప్పమనండి.

2010లో స్టార్ ప్లస్ కొత్త నాయకత్వం కొత్త నినాదం ఎత్తుకుంది: ‘రిష్తా వహీ, సోచ్ నయీ’. అంటే బంధం అదే, ఆలోచన కొత్తది. ఇంత నిజాయితీ గల నినాదం భారతీయ టీవీలో మరొకటి లేదు. బంధం అదే అని వాళ్లే ఒప్పుకున్నారు. బంధం అదే అయినప్పుడు ఆలోచన ఎక్కడి నుంచి కొత్తగా వస్తుంది?

ఇక్కడ బాబాసాహెబ్‌ను గుర్తు చేసుకోవాలి. 1916 మే 9న, కొలంబియా యూనివర్సిటీలో, పాతికేళ్ల విద్యార్థిగా ఆయన ‘భారతదేశంలో కులాలు’ అనే పత్రం చదివారు. కులం ప్రాణం సొంత కులంలోనే పెళ్లి చేసుకోవడంలో ఉందని తేల్చారు. ఆ కట్టు నిలబడాలంటే కులం లోపల ఆడ, మగ లెక్క సరిపోవాలి. మొగుడు చనిపోయిన ఆడది ‘మిగులు స్త్రీ’. ఆమె బయటివాడిని చేసుకోకుండా చితి మీద కాల్చారు, లేదా జీవితాంతం వితంతువుగా బిగించారు. భార్య చనిపోయిన మగవాడికి ఇంకా పెళ్లీడు రాని పిల్లను కట్టబెట్టారు. సతి, బలవంతపు వైధవ్యం, బాల్య వివాహం విడివిడి దురాచారాలు కావని, కులాన్ని కాపాడే పనిముట్లని ఆయన నూరేళ్ల కిందటే చెప్పారు.

ఇప్పుడు ఏ సీరియల్ అయినా తీసుకోండి. ఎవరి పెళ్లి ఎవరితో? రెండో పెళ్లాం ఎవరు? ఆ బిడ్డ ఎవరి రక్తం? వితంతువు బొట్టు పెట్టుకోవచ్చా? కథ ఆసాంతం తిరిగేది ఈ ప్రశ్నల చుట్టూనే. సీరియల్ విలన్ అంటే చాలావరకు కుటుంబం కట్టులోకి ఇమడని ‘మిగులు స్త్రీ’. బాబాసాహెబ్ ఒక పత్రంలో విప్పి చూపిన యంత్రాన్ని మన ఛానళ్లు వారానికి ఐదారు రోజులు, అరగంట చొప్పున, పట్టుచీరలు కట్టి నడిపిస్తున్నాయి. ‘కుటుంబ విలువలు’ అని వాళ్లు పిలిచేదాని అసలు పేరు కులం లోపలి పెళ్లి.

‘క్యూంకీ’ని దెబ్బ కొట్టిన సీరియల్ సంగతీ చూద్దాం. 2008 జులై 21న కలర్స్ ఛానల్ ‘బాలికా వధు’తో వచ్చింది. అదే మా వాడలో చూసిన ‘చిన్నారి పెళ్లికూతురు’. మేడల నుంచి ఊళ్లకు వచ్చింది, సామాజిక సమస్యను ఎత్తుకుంది అని అందరూ మెచ్చుకున్నారు. నిజమే, ఎత్తుకుంది. కానీ బాల్య వివాహాన్ని ఒక మొండి ముసలమ్మ మూఢనమ్మకంగా చూపించింది. ఆ ముసలమ్మ మారితే సమస్య తీరిపోతుంది. కులం ఊసెత్తకుండా బాల్య వివాహాన్ని విమర్శించడమంటే, తాళాన్ని తిట్టి తలుపును పూజించడమే.

మన తెలుగు దగ్గరికి వద్దాం. 2017లో స్టార్ మాలో మొదలైన ‘కార్తీక దీపం’ తెలుగు ఇళ్లను ఊపేసింది. మలయాళ ‘కరుత్తముత్తు’కు రీమేక్ అది. నల్లగా ఉందని అత్త ఈసడించుకునే కోడలు దీప, మన వంటలక్క. మా వాడ ఆడవాళ్లు ఆమెను సొంత మనిషిలా చూసుకున్నారు. ఎందుకు చూసుకోరు? ఒంటి రంగు మీద అవమానం వాళ్లకు తెలుసు. కానీ ఆ నలుపు మేకప్ నలుపు. నటి ముఖానికి రంగు పూసి నల్లగా చేశారు. ఈ దేశంలో నలుపును ఏ కులాలకు అంటగట్టి అవమానిస్తారో అందరికీ తెలుసు. ఆ అవమానంలో కన్నీళ్లను తీసుకుని కులాన్ని మాత్రం గడప బయటే వదిలేశారు. 2022లో ఆ సీరియల్‌కూ వైద్యం జరిగింది. దీపనూ డాక్టర్ బాబునూ ప్రమాదంలో చంపి కథను పిల్లల తరానికి దూకించారు. రేటింగులు పడ్డాయి. మళ్లీ ఇద్దరినీ బతికించారు. 2024లో రెండో భాగం కూడా వచ్చింది. చచ్చినవాళ్లను లేపగలిగిన ఊహాశక్తికి ఒక్క కులాంతర పెళ్లిని ఊహించడం ఎందుకంత కష్టం?

ఇది కేవలం టీవీ గొడవ అనుకునేవాళ్లు మిర్యాలగూడను గుర్తు తెచ్చుకోవాలి. 2018 సెప్టెంబర్ 14న ఒక దళిత యువకుడిని, గర్భిణి అయిన భార్య పక్కనే ఉండగా, ఆసుపత్రి బయట నరికి చంపారు. చంపించింది ఆమె కన్నతండ్రే, ఒక వ్యాపారి. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం విధించింది. ఆ తండ్రి మీద జాలిపడ్డవాళ్లు మన చుట్టూ ఎంతమంది? ‘కూతురు పరువు తీసింది, పాపం తండ్రి ఏం చేస్తాడు’ అన్న మాట మన బస్సుల్లో, ఆఫీసుల్లో వినలేదా? కూతురి పెళ్లే తండ్రి పరువు అని రోజూ రాత్రి ఏడిపించి నేర్పింది ఎవరు? సీరియల్ కత్తి పట్టదు. కానీ కత్తి పట్టినవాడి కోసం ముందుగానే కన్నీళ్లు సిద్ధం చేసి పెడుతుంది.

ఛానళ్ల దగ్గర ఒక జవాబు ఎప్పుడూ ఉంటుంది: “జనం చూసేదే ఇస్తాం. టీఆర్పీ చెప్పిందే చేస్తాం.” ఏ జనం? ‘క్యూంకీ’ రాజ్యమేలిన కాలంలో రేటింగ్ మీటర్లు ఊళ్లలో లేవు. బార్క్ సంస్థ గ్రామీణ లెక్కలను కలిపింది 2015 అక్టోబర్ నుంచే. ఇప్పటికీ ఇరవై కోట్లు దాటిన టీవీ ఇళ్లకు మీటర్లు ఉన్నవి కొన్ని పదుల వేల ఇళ్లే. ఆ ఇళ్లను వర్గీకరించేది ఇంటి పెద్ద చదువును బట్టి, ఇంట్లో ఉన్న వస్తువులను బట్టి. ఫ్రిజ్, కారు, వాషింగ్ మెషిన్ ఉన్న ఇంటి చూపుకు ప్రకటనదారు ఎక్కువ విలువ కడతాడు. అంటే మా పిన్ని ఇంట్లో నేల మీద కూర్చున్న పదిహేను మందికి ఏ లెక్కలోనూ చోటు లేదు. వాళ్లను లెక్కపెట్టకుండా వాళ్ల ఇష్టం గురించి మాట్లాడే హక్కు ఎవరిచ్చారు?

అసలు లెక్క నాయకత్వానిది. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి వార్తా సంస్థల్లో నాయకత్వ స్థానాలు లెక్కపెట్టాయి. 121లో 106 అగ్రకులాలవి. ఎస్సీ, ఎస్టీల చేతిలో ఒక్కటీ లేదు. ఇది వార్తల సంగతి. వినోద ఛానళ్లు ఇలాంటి లెక్కను బయట పెట్టనే పెట్టవు. నా స్నేహితుడొకడు హైదరాబాద్‌లో ఒక సీరియల్‌కు సంభాషణలు రాయడానికి వెళ్లాడు. కథలో ఒక టీచర్ పాత్రను వాడ పిల్లగా చేద్దామన్నాడు. “ఆ పేటలు చూపిస్తే ఆడవాళ్లు ఛానల్ మార్చేస్తారు బాబూ” అన్నారట. మరుసటి నెల నుంచి అతనికి పని లేదు. కొత్త నాయకత్వం అని పేపర్లలో వచ్చే ఫోటోల వెనుక జరిగేది ఇదే. ఒక సవర్ణుడి కుర్చీలో ఇంకో సవర్ణుడు కూర్చోవడాన్ని మార్పు అనలేం, బదిలీ అంటాం.

జనం మారరనే మాట కూడా అబద్ధమే. 2020లో జీ కన్నడ బాబాసాహెబ్ జీవితంపై వచ్చిన హిందీ సీరియల్‌ను ‘మహానాయక’గా డబ్ చేసి వేసింది. కర్ణాటక ఊళ్లలో జనం సొంత డబ్బులతో ఫ్లెక్సీలు కట్టుకున్నారు. ఛానల్ అధిపతికి బెదిరింపులు వచ్చాయి. ఆయన వెనక్కి తగ్గలేదు. ఏ ఛానల్‌కైనా సీరియల్ కోసం ఊరే ఫ్లెక్సీ కట్టడం కంటే పెద్ద రేటింగ్ ఏముంటుంది? ప్రేక్షకులు ఎప్పటి నుంచో సిద్ధంగా ఉన్నారు. కథలే వాళ్ల దగ్గరికి రాలేదు.

అయితే ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. ‘అంబేద్కర్ సీరియల్ వేశాం కదా, ఇంకేం కావాలి?’ అనేవాళ్లు ఉంటారు. మహనీయుడికి దండ వేయడం తేలిక. ఆయన ఆలోచనకు రోజువారీ కథలో చోటివ్వడమే కష్టం. మనకు కావలసింది దేవుడి గదిలో ఇంకో పటం కాదు. తన జీతం, తన ప్రేమ, తన కోపం, తన తప్పులు ఉన్న మామూలు దళిత అమ్మాయి. ఎవరి దయతోనూ కాకుండా కథకు నాయికగా నిలిచే అమ్మాయి.

కాబట్టి సీరియల్‌ను బతికించాలనుకునే కొత్త నాయకులను సూటిగా అడుగుదాం. మీ రచయితల గదిలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, ముస్లిం రచయితలు ఎంతమంది? కథ మీద తుది మాట చెప్పే స్థానంలో ఎంతమంది? ఆ లెక్క బయటపెట్టండి. మీటర్లు ఏ వాడల్లో పెట్టారో, పెట్టలేదో చెప్పండి. ఇవి చెప్పకుండా ‘కొత్త ఆలోచన’ అనే మాట వాడకండి. మన వైపు నుంచి కూడా పని ఉంది. 1920లో బాబాసాహెబ్ ‘మూక్‌నాయక్’ పెట్టింది ఎవరో చోటిస్తారని ఎదురు చూస్తూ కాదు. ఫోన్‌లో సినిమా తీయగలిగే మన పిల్లలు వాడవాడలో ఉన్నారు. వాళ్ల కథలకు మనం డబ్బు పెట్టాలి, ప్రేక్షకులుగా నిలబడాలి.

కోడలిని మార్చి, అత్తను మార్చి, చచ్చినవాళ్లను లేపి పాతికేళ్లు గడిపారు. ఇక ఆ ఇంట్లో అంట్లు తోముతున్న మనిషి వైపు కెమెరా తిప్పండి. ఆమె పేరేమిటో, ఏ వాడ నుంచి వస్తుందో, ఆ ఇంట్లో ఏ గ్లాసులో నీళ్లు తాగుతుందో చూపించండి. కథ అక్కడ మొదలవుతుంది.

జై భీమ్.