నివురు గప్పేదాకా ఆగండి

మా బ్యాచ్‌కి ఈ మధ్య ఒక కొత్త జబ్బు పట్టుకుంది. సెలవులకి ఇంటికెళ్లిన ప్రతివాడూ డాబా మీద గ్రిల్ పెట్టి, ఎగసే మంటల మీద చికెన్ తిప్పుతూ స్టేటస్ పెడుతున్నాడు. కింద 'బార్బెక్యూ నైట్' అని క్యాప్షన్. వీడియో బాగానే ఉంటుంది. చికెన్ ఎలా కుదిరిందో మాత్రం ఎవడూ చెప్పడు. నేను చెప్తాను, ఎందుకంటే అలాంటి స్టేటస్ నేనూ పెట్టాను. పైన బొగ్గయింది, ఎముక దగ్గర పచ్చిగానే ఉంది. లైకులు మాత్రం బాగా వచ్చాయి.

అప్పటినుంచి నాలుగైదు సార్లు ప్రయత్నించాక నాకొక అభిప్రాయం ఏర్పడింది. ఇంట్లో మొదటిసారి కాల్చేవాళ్లకి కావలసింది ఖరీదైన గ్రిల్లూ కాదు, సీక్రెట్ మసాలా కాదు. బొగ్గులు నివురు గప్పేదాకా ఆగే ఓపిక ఒకటి. ఆ నివురు గప్పిన నిప్పంటే కాస్త భయం ఒకటి. మొదటిది లేకపోతే చికెన్ పాడవుతుంది. రెండోది లేకపోతే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాం. ఆ సంగతికి వస్తాను.

ముందు పేరు గొడవ తేల్చుకుందాం. అమెరికా వాళ్ల లెక్కలో బార్బెక్యూ వేరు, గ్రిల్లింగ్ వేరు. తక్కువ వేడి మీద, దాదాపు 110 డిగ్రీల దగ్గర, మూత పెట్టి, పొగలో గంటల తరబడి మగ్గబెడితే బార్బెక్యూ. ఎర్రటి నిప్పుల మీద నిమిషాల్లో కాల్చేస్తే గ్రిల్లింగ్. మనం డాబా మీద చేసేది రెండోది. పేరు ఏదైతేనేం, మొదలుపెట్టాల్సింది కూడా దాంతోనే.

ఇదేదో బయటినుంచి వచ్చిన విద్య అనుకోవడం కూడా తప్పే. కుంపటి మీద వంకాయ కాల్చి పచ్చడి చేసుకున్న ఇళ్లు మనవి. హైదరాబాద్‌లో పత్థర్ కా గోష్ట్ ఉంది, మారేడుమిల్లి వైపు వెళ్తే బొంగులో చికెన్ ఉంది. వీటిలో ఒక విషయం గమనించారా? మంట నేరుగా తినే పదార్థాన్ని తాకదు. గోష్ట్‌కీ నిప్పుకీ మధ్య రాయి ఉంటుంది. చికెన్‌కి అడ్డంగా వెదురు బొంగు ఉంటుంది. వంకాయకి దాని తోలే కవచం, తర్వాత ఆ తోలు వలిచి పారేస్తాం. మన రీల్స్‌లో మాత్రం మంటకీ ముక్కకీ మధ్య ఏమీ ఉండదు, ఫోన్ కెమెరా తప్ప.

తెలుగులో మంట వేరు, సెగ వేరు. మంట కనిపిస్తుంది, సెగ తగులుతుంది. కాల్చాల్సింది సెగ మీద. మన కాలేజీ గేటు బయట కంకులు కాల్చే ఆవిడని ఒక పావుగంట నిలబడి చూడండి. కంకి పెట్టేటప్పుడు మంట ఉండదు, బూడిద కప్పుకున్న నిప్పులే ఉంటాయి. వేడి కావాలంటే విసనకర్రతో నాలుగు ఊపులు ఊపుతుంది. ఎక్కువైతే కంకిని పక్కకి జరుపుతుంది. గాలితో వేడిని పెంచడం, దూరంతో తగ్గించడం, గ్రిల్లింగ్ అంతా ఇంతే. హీట్ ట్రాన్స్‌ఫర్‌లో నాకు వచ్చిన మార్కుల కంటే ఆవిడకి సబ్జెక్టు బాగా వచ్చు.

బొగ్గు అంటుకున్న మొదట్లో దాన్లో మిగిలిన తేమ, వాయువులు బయటికొస్తాయి. మంట లేస్తుంది, పొగ దట్టంగా వస్తుంది, ఒకచోట వేడి, ఒకచోట చల్లన. ఆ టైములో ముక్క పెడితే మసి పడుతుంది, చేదెక్కుతుంది. ఒక 20 నుంచి 30 నిమిషాలు ఆగితే మంట అణిగిపోతుంది, బొగ్గు మీద బూడిద రంగు పొర కడుతుంది. లోపల కణకణలాడుతుంటుంది కానీ పైకి శాంతంగా ఉంటుంది. అదే నివురు గప్పిన నిప్పు. అప్పుడు సెగ నిలకడగా, సమానంగా వస్తుంది. ఆకలితో ఉన్న కజిన్స్ చుట్టూ నిలబడి 'ఇంకెంతసేపురా' అంటుంటే ఆ అరగంట ఆగడం కష్టమే. ముందే ఏ పల్లీలో చేతిలో పెట్టేయండి.

బొగ్గు కోసం ఆన్‌లైన్‌లో ఇంపోర్టెడ్ ప్యాకెట్లు వెతకనక్కర్లేదు. టెక్సాస్ వాళ్లు గొప్పగా చెప్పుకునే మెస్కీట్ చెట్టూ, మన చెరువు గట్ల మీద కంపలా పెరిగే సర్కారు తుమ్మా దగ్గరి చుట్టాలు. ఆ తుమ్మ బొగ్గే మన ఊళ్లలో దొరుకుతుంది. ఇస్త్రీ బండి వాళ్లు ఎక్కడ కొంటారో అడగండి, చెప్తారు. అంటించడానికి పెట్రోలు, కిరోసిన్ జోలికి పోవద్దు. వాసన సంగతి తర్వాత, చేతులు కాలతాయి. కొబ్బరి పీచు, పాత పేపరు ఉండలు కింద పెట్టి, పైన బొగ్గులు గుట్టగా పేర్చి అంటించి విసరండి చాలు. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ ముక్కలు మాత్రం ఎంత ఎండినవైనా వేయకూడదు. వాటి పొగ తినేది కాదు.

నిప్పులు సిద్ధమయ్యాక అందరూ చేసే తప్పు, వాటిని గ్రిల్ నిండా సమానంగా పరిచేయడం. అలా చేయకండి. అన్నిటినీ ఒక పక్కకి నెట్టండి, రెండో పక్క ఖాళీగా వదిలేయండి. ఇప్పుడు మీ దగ్గర రెండు పొయ్యిలున్నట్టు, ఒకటి హై, ఒకటి సిమ్. లెగ్ పీస్ లాంటి మందపాటి ముక్కని ముందు ఖాళీ పక్కన పెట్టి మూతేయండి. మూత లేకపోతే పాత గిన్నె బోర్లించండి. లోపల దాదాపు ఉడికాక నిప్పుల పక్కకి తెచ్చి రంగు తెప్పించండి. కొవ్వు కారి మంట లేచిందా, కంగారుపడి నీళ్లు కొట్టకుండా ముక్కని ఖాళీ పక్కకి జరిపేయండి. దానంతటదే అణుగుతుంది.

పైన మాడి లోపల పచ్చిగా ఎందుకుంటుందో కూడా మన సిలబస్‌లోదే. పైపొరకి వేడి క్షణాల్లో తగులుతుంది, లోపలికి మాత్రం కండక్షన్‌తో మెల్లగా పాకాలి. మందం రెట్టింపయితే లోపలికి వేడి చేరడానికి సుమారు నాలుగు రెట్లు టైమ్ పడుతుంది. అందుకే మొదటిసారి చేసేవాళ్లు ఎముక లేని చిన్న ముక్కలు తీసుకోవాలి, లేదా లెగ్ పీస్‌కి ఎముకదాకా లోతుగా గాట్లు పెట్టాలి. చికెన్ లోపల 74 డిగ్రీలు చేరితే భయం లేదు. అది చూడ్డానికి పొడిచి చూసే థర్మామీటర్ కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. నన్నడిగితే గ్రిల్ కంటే ముందు కొనాల్సింది అదే. గ్రిల్‌కి నాలుగు ఇటుకలు, ఒక ఇనుప జాలీ సరిపోతాయి.

మసాలా గురించి తక్కువే చెప్తాను, ఎందుకంటే దాని గురించి అందరూ ఎక్కువే చెప్తారు. కిలో చికెన్‌కి 15 గ్రాముల ఉప్పు, కాస్త కారం, అల్లం వెల్లుల్లి, పెరుగు, నూనె. బొప్పాయి ముద్ద వేస్తే కొంచెమే వేయండి, రాత్రంతా ఉంచితే ముక్క పిండిలా అయిపోతుంది. తేనె, బెల్లం, తియ్యటి సాసులు ఆఖరి రెండు మూడు నిమిషాల్లోనే పూయాలి, ముందే పూస్తే చక్కెర మాడుతుంది. పచ్చి చికెన్ పెట్టిన ప్లేట్లోనే కాల్చిన ముక్కలు తీయకండి. పటకారు కూడా కడగండి.

ఇక పొగ. గంటల తరబడి స్మోకింగ్ చేసే సరంజామా మన దగ్గర లేదు, అక్కర్లేదు కూడా. చిన్న ఎండు మామిడి కట్టె ముక్క ఒకటి నిప్పుల అంచున పెట్టి మూతేస్తే చాలు. దట్టంగా తెల్లగా వస్తే చేదు, పల్చగా వస్తే రుచి. కట్టెని నీళ్లలో నానబెట్టమని చెప్పే వీడియోలు నమ్మకండి. నీళ్లు పైపైనే ఉంటాయి, ముందు ఆవిరి అవుతాయి, ఆ తర్వాతే పొగ వస్తుంది. ఇంకా తేలిక మార్గం ధుంగార్. వండిన గిన్నెలో చిన్న కప్పు పెట్టి, అందులో ఒక ఎర్రటి బొగ్గు వేసి, నాలుగు చుక్కల నెయ్యి పోసి, ఐదు నిమిషాలు మూత పెట్టేయడం. అది కూడా కిటికీలు తెరిచే చేయాలి.

ఎందుకు తెరవాలంటే, ఇప్పుడు ఆ సంగతికి వస్తున్నా.

మొన్న డిసెంబర్ సెలవుల్లో మా డాబా మీద నేను, బావ, చెల్లి, పిన్ని కొడుకులిద్దరూ చేరాం. ఆ రోజు ఓపిగ్గా ఆగాను. బొగ్గులు చక్కగా నివురు గప్పాయి. మొదటి వాయి అద్భుతంగా వచ్చింది. రెండో వాయి పెట్టగానే వాన మొదలైంది. గ్రిల్‌ని మెట్ల గదిలోకి లాగేశాం. జల్లు కొడుతోందని తలుపు మూశాం. పొగ లేదు కదా, మంట లేదు కదా, ఇంకేం ప్రమాదం అనుకున్నాం. కబుర్లలో ఎంతసేపు గడిచిందో తెలీదు. చిన్న తమ్ముడు తల నొప్పి అన్నాడు. చెల్లి వాంతి చేసుకుంది. చికెన్ పడలేదేమో అన్నాను నేను. నా తల కూడా తిరుగుతోంది, కానీ అది ఆకలనుకున్నా.

అమ్మ ప్లేట్లు పట్టుకుని పైకొచ్చి తలుపు తీసింది. ప్లేట్లు అక్కడే వదిలేసి ఒక్కొక్కళ్లనీ వానలోకి లాగింది. "తలుపులేసుకుని కుంపటి పెట్టుకుంటార్రా ఎవరైనా!" అని ఆ రోజు అరిచిన అరుపు నాకింకా వినిపిస్తుంది. చెల్లిని ఆసుపత్రికి తీసుకెళ్తే ఆక్సిజన్ పెట్టారు. రెండు గంటలకి తేరుకుంది. డాక్టర్ గారు అడిగిన మొదటి ప్రశ్న, "గదిలో బొగ్గులు ఎంతసేపున్నాయి?" నా దగ్గర జవాబు లేదు.

సిగ్గుపడాల్సిన విషయం ఏంటంటే, ఫస్టియర్ కెమిస్ట్రీలో ప్రొడ్యూసర్ గ్యాస్ గురించి రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ని నేను. ఎర్రటి కార్బన్ మీదుగా కార్బన్ డయాక్సైడ్ పోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుందని సమీకరణంతో సహా రాశాను. మా మెట్ల గదిలో జరిగింది అదే. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. పొగ ఉంటే దగ్గొచ్చి మనమే బయటికి పరిగెడతాం. నివురు గప్పిన బొగ్గుకి పొగ ఉండదు, అందుకే హెచ్చరికా ఉండదు. కాల్చడానికి ఏ నిప్పు అన్నిటికంటే మంచిదో, మూసిన గదిలో ఆ నిప్పే మనల్ని అన్నిటికంటే బాగా మోసం చేస్తుంది. 'నివురు గప్పిన నిప్పు' అనే మాటని పైకి కనిపించని ప్రమాదానికి వాడతాం కదా, మనవాళ్లు ఊరికే అనలేదు.

అందుకే ఈ ఒక్క విషయంలో నేను సలహా ఇవ్వట్లేదు, బతిమాలుతున్నాను. బొగ్గుల గ్రిల్ ఆకాశం కనిపించే చోటే పెట్టండి. వానొస్తే చికెన్ వదిలేయండి, మనుషులు లోపలికి రండి. హాస్టల్ గదిలో, కారిడార్‌లో, మూసిన బాల్కనీలో వద్దే వద్దు. చలేస్తోందని మిగిలిన నిప్పుల్ని గదిలోకి తెచ్చుకోవద్దు. అయిపోయాక ఇసుక కప్పి, తెల్లారేదాకా బయటే ఉంచండి. ఎవరికైనా తలనొప్పి, వికారం, మత్తుగా ఉందంటే ముందు బయటి గాలిలోకి తీసుకెళ్లి, 108కి ఫోన్ చేయండి.

"ఇంత తలనొప్పి ఎందుకు, ఎయిర్ ఫ్రయర్ ఉందిగా" అంటాడు మా రూమ్మేట్. నిజమే, అందులోనూ చికెన్ ఉడుకుతుంది. కానీ చుట్టూ నలుగురు కూర్చుని, ఒకరు విసురుతూ, ఒకరు తిప్పుతూ, ఒకరు ఊరికే సలహాలిస్తూ గడిపే ఆ అరగంట అందులో రాదు. ఆ అరగంట కోసమే నేను మళ్లీ గ్రిల్ పెట్టాను, పోయిన నెల్లో. ఈసారి చికెన్ కూడా కాదు, వంకాయలు. మీరూ అక్కడే మొదలుపెట్టండి. వంకాయ మాడినా నష్టం లేదు, తోలు తీసేస్తాం. లోపల పచ్చిగా ఉన్నా జబ్బు చేయదు. నిప్పు ఎప్పుడు సిద్ధమైందో అదే నేర్పుతుంది. తర్వాత కంకులు, ఆ తర్వాత చేప, చివరికి చికెన్.

ఆ రోజు చెల్లి కూడా వచ్చి కూర్చుంది, గ్రిల్‌కి కొంచెం దూరంగా. మబ్బు పట్టగానే లేచి వెళ్లి మెట్ల గది తలుపుకి తాళం వేసొచ్చింది. ఎవరం ఏమీ అనలేదు. పచ్చడి మాత్రం బాగా కుదిరింది.