గిటారు పలకడం లేదని అమ్మెయ్యకండి

వంటల పక్కన ఎలక్ట్రిక్ గిటారు గొడవేమిటా అని విస్తుపోతున్నారా? కాస్త ఓపిక పట్టండి. ఒకప్పుడు వీణ ఉండే మూలన ఇప్పుడు చాలా ఇళ్ళల్లో గిటారు కనిపిస్తోంది. మా చెల్లెలి ఇంటికీ వచ్చింది. ఇంటరు పాసైన కొడుక్కి చీటీ పాడిన డబ్బుతో ముచ్చటపడి కొనిపెట్టింది. కొట్లో వాయించి చూపించినప్పుడు ఒళ్ళు జల్లుమందిట. ఇంటికి తెచ్చాక మాత్రం "రేకు డబ్బాకి తీగ కట్టి లాగినట్టుంది పెద్దమ్మా" అన్నాడు వాడు. మా మరిదిగారు "నేను ముందే చెప్పానా?" అన్నారు. వాడు తనకే చేతకాదనుకుని దాన్ని మంచం కిందికి తోసేశాడు. సగం ధరకైనా అమ్మేద్దామని చెల్లెలు ఫోను చేస్తే, ఆగవే అని నేనే వెళ్ళాను.

నాకు గిటారు రాదు. చిన్నప్పుడు నాలుగేళ్ళు వీణ నేర్చుకున్నాను, అంతే. కానీ తీగ వాద్యం తీగ వాద్యమే కదా!

వీణకి కుండ ఉంటుంది. తీగ మీటితే ఆ బోలులోంచే నాదం వస్తుంది. ఎలక్ట్రిక్ గిటార్లు చాలా వరకు గట్టి చెక్కే, లోపల బోలు ఉండదు. తీగల కింద పికప్పు అనే చిన్న పెట్టె ఉంటుంది. అందులో అయస్కాంతం, దాని చుట్టూ తలవెంట్రుకంత సన్నటి రాగి తీగ వేల చుట్లు. పైన ఉక్కు తీగ కదిలితే ఆ చుట్లలో పిసరంత కరెంటు పుడుతుంది. దాన్ని పెద్దది చేసేది ఆంప్లిఫయరు, వినిపించేది స్పీకరు. అమెరికాలో 1932లో రికెన్‌బాకర్ వాళ్ళు అమ్మకానికి తెచ్చిన తొలి ఎలక్ట్రిక్ గిటారుకి జనం పెట్టిన ముద్దుపేరు ఏమిటో తెలుసా? 'వేపుడు పెనం'! అల్యూమినియంతో గుండ్రంగా, పొడుగు కాడతో అచ్చం అలాగే ఉండేది. పెనం ఒక్కటే ఉంటే వేపుడు అవుతుందా? పొయ్యి ఉండాలి, నూనె ఉండాలి.

మావాడి పొయ్యి ఏదంటే, టీవీకి తగిలించే సౌండు సిస్టమ్! కొట్టువాడు వాయించింది గిటారు కోసమే చేసిన పెద్ద ఆంప్లిఫయరు మీద. పాటలు వినే స్పీకరు కీచు శబ్దాలతో సహా అన్నీ వినిపిస్తుంది. గిటారు స్పీకరు ఆ పైపైన గీరే శబ్దాలను చాలావరకు మింగేస్తుంది. పైగా గిటారు పంపే బలహీనమైన కరెంటును సరిగ్గా అందుకునే ఏర్పాటు టీవీ సిస్టమ్‌కి ఉండదు. పక్క వీధి స్నేహితుడి దగ్గర చిన్న గిటారు ఆంప్లిఫయరు అరువు తెప్పించాం. సగం రోగం అక్కడే కుదిరింది.

మిగతా సగానికి ఒక్కటే సూత్రం, కూరలో రుచి తేడా వస్తే చేసేదే. ఒకసారికి ఒకటే మార్చి చూడాలి. అన్నీ కలిపి తిప్పేస్తే తప్పు ఎక్కడుందో దేవుడికి కూడా తెలియదు. మొదట గిటారు మీది టోన్ బిరడా చూశాం. ఎవరో బాగా తగ్గించి వదిలేశారు. పెంచగానే గొంతు విచ్చుకుంది. తరవాత తీగలు. ఎన్నాళ్ళు గోడకి వేలాడిందో, ఎందరు చెమట చేతులతో మీటారో, నల్లబడి గరుకుగా ఉన్నాయి. పాత తీగ మొద్దుగా పలుకుతుంది. కొత్త తీగల ఖర్చు గిటారు ధరలో ఏపాటి? వాయించిన ప్రతిసారీ పొడి బట్టతో తుడవమని మీ పిల్లలకి చెప్పండి, ఎక్కువ రోజులు వస్తాయి. ఇంకోటి, తీగని ఊరికే మీటితే వచ్చే స్వరం, 12వ మెట్టు మీద నొక్కి మీటితే వచ్చే స్వరం షడ్జమం, పైషడ్జమం లాగా కలవాలి. కలవకపోతే రిపేరు తెలిసినవాళ్ళకి చూపించడమే, ఇంట్లో స్క్రూలు తిప్పొద్దు.

ఇంత చేసినా "పాటలో ఉన్నట్టు బరబరమని రావట్లేదు" అన్నాడు. పిచ్చివాడా, అది గిటారు చేసే పని కాదురా! 1964లో ఇంగ్లండులో 'కింక్స్' బృందంలోని డేవ్ డేవిస్ అనే కుర్రాడు అలాంటి శబ్దం కోసం తన ఆంప్లిఫయరు స్పీకరుని బ్లేడుతో కోసేశాడు. ఆ చిరిగిన స్పీకరుతోనే పాట రికార్డు చేశారు. ఇప్పుడు ఆ పనికి కాలితో నొక్కే చిన్న పెడల్ పెట్టెలు దొరుకుతాయి. మీ ఇంట్లో బ్లేడు దాకా రానివ్వకండి.

చివరికి మిగిలింది గుయ్‌మనే హోరు. ట్యూబులైటు ఆర్పి, ఫోను ఛార్జరు తీసి, గిటారుని పక్కకి తిప్పి కూర్చుంటే చాలా తగ్గింది. ఒంటి చుట్ట పికప్పులకి ఆ జబ్బు సహజమే. దానికి విరుగుడుగానే 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఆయన జంట చుట్టల 'హంబకర్' తయారుచేశాడు.

మిగిలిన హోరు ఎక్కడిదా అని ప్లగ్గు చూస్తే నా గుండె ఝల్లుమంది. గోడకున్నది రెండు కన్నాల పాయింటు. మూడో పుల్లని వదిలేసే అడాప్టరు పెట్టి నెట్టుకొస్తున్నాడు! ఆంప్లిఫయరుకి ఎర్త్ లేదన్నమాట. గిటారు తీగలు ఆ ఎర్త్‌తోనే కలిసి ఉంటాయి, వాటి మీద పిల్లవాడి వేళ్ళుంటాయి. ఎర్త్ లేని పెట్టెలో తేడా వస్తే ఆ కరెంటు వేళ్ళలోకే. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్ హార్వే అనే గిటారిస్టు ఎర్త్ సరిగ్గా లేని మైకు పట్టుకుని వేదిక మీదే ప్రాణం పోగొట్టుకున్నాడు. హోరు తగ్గుతుందని ఎవరు చెప్పినా ఆ మూడో పుల్ల తీయనివ్వకండి. మీ ఇంట్లో మిక్సీకైనా, ఫ్రిజ్‌కైనా ఇదే మాట.

వెంటనే అన్నీ కట్టేయించాను. మా మరిదిగారే లేచి ఎలక్ట్రీషియనుకి ఫోను చేశారు, మూడు కన్నాల పాయింటు ఎర్త్‌తో సహా వేయమని. అతను రేపొస్తానన్నాడు. అప్పటిదాకా గిటారు మంచం మీద పడుకుంది, వాడు చాప మీద.