ఆలస్యానికీ అంతస్తులున్నాయి

రైలు ఆలస్యం అందరికీ ఒకటి కాదు. ఏ బండి ముందు పోవాలో రైల్వే ఒక వరుస పెట్టుకుంది. ప్రమాద సహాయక బండికి దారివ్వాలంటే కాదనేదెవరు? కానీ ఆ తర్వాత పెద్దల ప్రత్యేక రైళ్లు, రాజధానులు, ఎక్స్‌ప్రెస్‌లు. వీటన్నిటి వెనకే పాసింజరు.

తంబళ్లపల్లె ప్రాంతానికి రైలంటే ములకలచెరువు స్టేషనే. ఆ ధర్మవరం-పాకాల మార్గం ఒంటి లైను. ఎదురుగా ఎక్స్‌ప్రెస్ వస్తే పాసింజరు లూపు లైన్లో పడిగాపులు కాయాలి. అదే పెట్టెలతో తిరుగు బండి నడపాలి గనక, ఆలస్యం ముదిరితే దారిలోనే ఆపి వెనక్కి తిప్పుతారు, లేదా బయలుదేరే వేళ మారుస్తారు. దీనికి 'నిర్వహణ కారణాలు' అని పేరు! కుప్పం నుంచి బెంగుళూరుకు రోజూ పనికి పోయే ఆడమనిషికి మాత్రం అది తెగిన కూలి, చీకట్లో తప్పిన ఆఖరి బస్సు.

కరోనాతో 2020 మార్చిలో ఆపిన పాసింజర్లను మళ్లీ నడిపినప్పుడు 'ఎక్స్‌ప్రెస్ స్పెషల్' అన్నారు. 10 రూపాయల కనీస ఛార్జీ 30 అయింది. పాత ఛార్జీ కోసం 2024 దాకా ఆగాల్సి వచ్చింది.

ముంబై లోకల్ రైళ్లకు రద్దీ వేళల్లో ప్రాధాన్యం ఉంది. పనివేళల పాసింజర్లకూ అదే ఇమ్మని కుప్పం వాళ్లం బెంగుళూరు డివిజన్ని, ములకలచెరువు వాళ్లం గుంతకల్లు డివిజన్ని రాతపూర్వకంగా అడుగుదాం. జవాబు కూడా రాతలోనే కావాలి.