జాడీ నిండితే ధీమా... మరి నింపేదెవరు?

రాత్రి ఎనిమిదిన్నర. ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పీ విప్పకముందే ఇంట్లో వినిపించే ప్రశ్న ఒకటే. 'ఇవాళ తినడానికి ఏముంది?' జవాబు ఫ్రిజ్‌లో దొరక్కపోతే ఫోన్‌లో దొరుకుతుంది. కాసేపట్లో గుమ్మం ముందు సంచీ! గచ్చిబౌలి, నల్లగండ్ల, గోపన్‌పల్లి... ఐటీ కారిడార్‌లో ఎన్నో ఇళ్లల్లో ఇదే వరస.

గోపన్‌పల్లి ఒకప్పుడు శేరిలింగంపల్లి మండలంలో ఓ పల్లె. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక నగరం ఇటువైపు జరుగుతూ వచ్చింది. 2007లో గ్రేటర్ హైదరాబాద్ ఏర్పడినప్పుడు శేరిలింగంపల్లి అందులో కలిసిపోయింది. 2024 జూలైలో గోపన్‌పల్లి తండా దగ్గర ఫ్లైఓవర్ కూడా వచ్చింది. పెరళ్లు పోయి బాల్కనీలొచ్చాయి. వాటితోపాటే 'ఏడాదికి సరిపడా' అన్న మాట వంటింట్లోంచి మెల్లగా జారుకుంది.

పోతే ఏమైంది? చేతిలో డబ్బుంది, వీధి చివర దుకాణముంది... అనొచ్చు. ఆ రెండూ ఉండి కూడా తిండికి తడుముకున్న రోజులు మనం చూశాం.

ఆ మార్చి నేర్పిన పాఠం

2020 మార్చి 24 రాత్రి దేశమంతటా లాక్‌డౌన్ ప్రకటించారు. మర్నాడే హైదరాబాద్‌లో ఎన్నో హాస్టళ్లు ఉన్నవాళ్లను ఖాళీ చెయ్యమన్నాయి. సొంతూరు వెళ్లే అనుమతి కాగితాల కోసం అమ్మాయిలు, అబ్బాయిలు పోలీస్ స్టేషన్ల ముందు బారులు తీరారు. బయల్దేరినవాళ్లలో చాలామంది గరికపాడు దగ్గర ఆంధ్ర సరిహద్దులో ఆగిపోయారు. హాస్టళ్లు ఎవర్నీ పంపెయ్యకూడదని చివరికి ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది.

వాళ్లలో మంచి జీతాలు తెచ్చుకునేవాళ్లకీ కొదవలేదు. కానీ హాస్టల్ వంటిల్లు మూతపడితే, ఆ జీతం అన్నంగా మారే దారి లేకపోయింది. స్వావలంబన అంటే అన్నీ మనమే పండించుకోవడం కాదు, అన్నీ మనమే చేసుకోవడమూ కాదు. దుకాణం నాలుగు రోజులు మూసినా ఇల్లు తొణక్కుండా ఉండడం!

టమాటా చెప్పే లెక్క

2023 జూలైలో కిలో టమాటా వంద రూపాయలు దాటిపోయింది. కేంద్ర ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్రల్లో కొనుగోలు చేసి జూలై 14 నుంచి ఢిల్లీ ప్రాంతంలో కిలో 90 రూపాయలకు అమ్మించింది. అదే టమాటాకు మరో సీజన్‌లో కోత కూలి కూడా రాక రైతులు రోడ్డు మీద పారబోసిన దృశ్యాలూ మనకు కొత్త కాదు.

చవకగా ఉన్నప్పుడు నాలుగు కిలోలు కొని నిల్వ పచ్చడి పెట్టుకున్న ఇంట్లో ఆ జూలై అంత చేదుగా గడవలేదు. నాలుగిళ్లలో జాడీలు నిండితే మార్కెట్ ధర దిగిరాదు, నిజమే. కానీ ధర దిగేదాకా ఓపిక పట్టే వీలు ఆ ఇంటికి దొరుకుతుంది.

ఇంకో లెక్క. 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం మనదేశ పట్టణాల్లో కుటుంబం పెట్టే ప్రతి వంద రూపాయల ఖర్చులో 11 రూపాయలు పానీయాలు, చిరుతిళ్లు, వండి అమ్మే తిండి వంటివాటికే పోతున్నాయి.

గడియారం మాటేమిటి?

'అయితే ఇంట్లోనే చేసుకోండి' అని సలహా ఇవ్వడం సులువు. ఆ సలహా ఎవరికి? ఇంకెవరికి... మనకే!

కేంద్రం జరిపిన 2024 సమయ వినియోగ సర్వే చూడండి. జీతం లేని ఇంటి పనులు చేసే ఆడవాళ్లు వాటికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, ఆ పనులు చేసే మగవాళ్లు వెచ్చిస్తున్నది 88 నిమిషాలు. 2019లో ఇవే అంకెలు 299, 97. అంటే ఐదేళ్లలో మన పని పది నిమిషాలు తగ్గితే, వాళ్ల పనీ తొమ్మిది నిమిషాలు తగ్గింది!

ఈ 289కి ఇంకో గంట కలిపి దానికి స్వావలంబన అని పేరు పెడితే ఎలా? అది ఇంటికి ధీమా, ఇల్లాలికి నడుంనొప్పి. నిజానికి పాతరోజుల్లో ఆవకాయ ఒక్కరి పని కాదు. చాలా ఇళ్లల్లో కాయ కొట్టేది మగవాళ్లే. ముక్కలు తుడిచేది పిల్లలు. కలిపే చెయ్యి పక్కింటి పిన్నిగారిది. ఆ కలివిడి పోయి పని మాత్రం మన నెత్తిన మిగిలింది.

సంఘం చూపిన దారి

కలిసి చేస్తే ఏమవుతుందో చూడాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు. ఇక్కడి నుంచి ముంబై రోడ్డు పట్టుకుని సంగారెడ్డి దాటితే జహీరాబాద్. ఆ చుట్టుపక్కల ఊళ్లల్లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు, ఎక్కువమంది దళిత చిన్న రైతులు, 1990లలోనే బీడు భూముల్లో జొన్న పండించారు. ఆ గింజల్ని ఊళ్లోనే నిల్వచేసి పేద కుటుంబాలకు తక్కువ ధరకు అందించారు. 2019లో ఈ సొసైటీకి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ప్రకటించింది. వాళ్ల ధీమా ఒక్కో ఇంటి అటకమీద లేదు, సంఘం గాదెలో ఉంది.

అపార్ట్‌మెంట్‌లో జొన్న పండించలేం. కానీ ఏప్రిల్, మే నెలల్లో ఓ ఆదివారం నాలుగు ఫ్లాట్ల వాళ్లు కలిసి కాయలు తెచ్చుకుని, మగవాళ్లూ పిల్లలూ కూర్చుని ముక్కలు కొట్టి తుడిచి, మధ్యాహ్నానికి నాలుగు జాడీలు నింపలేమా?

ఫ్లాట్‌లో ఎలా?

ఎండబెట్టుకుందామంటే డాబాకి తాళం, బాల్కనీలో కొత్త కట్టడాల దుమ్ము. కాబట్టి ఎండతో పనిలేనివాటితో మొదలుపెట్టండి. కప్పు కందిపప్పు, అరకప్పు పుట్నాలు, ఎనిమిది ఎండుమిర్చి, కాస్త జీలకర్ర, ఉప్పు... పుట్నాలు తప్ప మిగతావి దోరగా వేయించి, చల్లారాక అన్నీ కలిపి పొడి కొట్టడానికి అరగంట చాలు. హాస్టల్లో ఉండే అమ్మాయికైనా ఈ సీసా కొండంత అండ. టమాటా ముక్కల్ని నీరు ఇంకేదాకా ఉడికించి గుజ్జు చేసి డీప్ ఫ్రీజర్‌లో దాచుకోవచ్చు.

ఊరగాయకు తడే శత్రువు. ముక్క తుడవాలి, జాడీ ఆరాలి, గరిటె పొడిగా ఉండాలి, నూనె పైకి తేలాలి. బూజు కనిపిస్తే పైపైన తీసేసి సరిపెట్టుకోవద్దు, పారేయడమే మంచిది. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో ఇచ్చిన మార్గదర్శకాలు రోజుకు ఉప్పు 5 గ్రాములు మించొద్దన్నాయి. కాబట్టి ఊరగాయ నంజుకోవడానికే గానీ కూరకు బదులు కాదు.

ఇంట్లో ఏముందన్న ప్రశ్నకు జవాబు జాడీలో ఉండడం మంచిదే. అయితే ఆ ప్రశ్న మనల్ని అడిగేవాళ్లకు జాడీ ఎక్కడుందో, ఎలా నిండిందో కూడా తెలియాలి. ఈసారి మామిడికాయలు దిగగానే కత్తిపీట ముందు ఎవరు కూర్చోవాలో ఇంట్లో ఇప్పుడే తేల్చుకోండి!