మన బంగారానికి లైసెన్సు అక్కర్లేదు, కాగితం కావాలి



"అమెరికాలో అంత బంగారం ఇంట్లో పెట్టుకోవచ్చా? పర్మిషన్ తీసుకోవాలా?" అని ఊళ్లోంచి అమ్మలు, అత్తయ్యలు అడుగుతుంటారు. అక్కర్లేదు. సొంత బంగారానికి ఇక్కడ లైసెన్సూ లేదు, ఇంతే ఉండాలన్న లెక్కా లేదు.

ఎప్పుడూ ఇలా లేదండోయ్. 1933 ఏప్రిల్ 5న రూజ్‌వెల్ట్ ఉత్తర్వు ఇచ్చి, జనం దగ్గరున్న బంగారు నాణేలు, కడ్డీలు మే 1 కల్లా బ్యాంకులకు అప్పగించమన్నారు. మనిషికి 100 డాలర్ల నాణేలు ఉంచుకోనిచ్చారు, నగల జోలికి రాలేదు. ఆ ఆంక్షలు 1974 డిసెంబరు 31న తొలగాయి. మన దేశంలో 1968 నాటి బంగారం నియంత్రణ చట్టం 1990 దాకా ఉంది. పెద్దవాళ్ల భయం ఊరికే పుట్టలేదు.

ఇప్పుడు మనకు ఇబ్బంది వచ్చేది అమ్మేటప్పుడు, సరిహద్దు దాటేటప్పుడు.

పాత నగ అమ్మితే లాభం మీద పన్ను ఉంటుంది. ఏడాదికి మించి ఉంచుకున్న బంగారానికి ఫెడరల్ క్యాపిటల్ గెయిన్స్ పన్ను రేటు 28 శాతం దాటదు. అమ్మ బతికుండగా ఇచ్చిన హారం అయితే, ఆవిడ కొన్న ధరే మీ ధర. ఆవిడ 2,000 డాలర్లకు కొన్నది మీరు 9,000కి అమ్మారనుకోండి, లాభం 7,000. అదే అమ్మ పోయాక వారసత్వంగా వస్తే, ఆవిడ పోయిన రోజు విలువ లెక్క. కొన్న ధరకు రుజువు లేకపోతే మొత్తం 9,000నీ లాభం అనే ప్రమాదం ఉంది. అందుకే ఆ పాత రసీదులు పారేయకండి.

అమ్మే షాపులో గుర్తింపు కార్డు అడిగితే కంగారు పడకండి, చాలా రాష్ట్రాల్లో అది చట్టమే. తూకం దగ్గర మాత్రం కన్నేసి ఉంచండి. ఇక్కడ పెనీవెయిట్ అనే కొలత వాడతారు, అది 1.555 గ్రాములు. పెనీవెయిట్‌లో తూచి గ్రాము రేటు ఇస్తే మనకే నష్టం.

షాపులో 10,000 డాలర్లకు మించి నగదు ఇచ్చి కొంటే, వాళ్లు 15 రోజుల్లో ఫారం 8300 ఐఆర్‌ఎస్‌కు పంపాలి. అది మన మీద అనుమానం కాదు. దాన్ని తప్పించుకుందామని ముక్కలు చేసి కట్టడమే నేరం.

ఇండియా వెళ్లేవాళ్లు మీ నగలు ముందే కస్టమ్స్‌లో చూపించి, ఫారం 4457 చేయించుకోండి. అది వీలుకాకపోతే బిల్లో, ఇన్సూరెన్సు కాగితమో వెంట ఉంచుకోండి. తిరిగొచ్చేటప్పుడు "ఇవి ఇక్కణ్ణుంచి తీసుకెళ్లినవే" అనడానికి అదే సాక్ష్యం. అక్కడ కొత్తగా కొన్నవి మాత్రం డిక్లేర్ చేయాల్సిందే.

ఇంకొక్క మాట. గ్రూపుల్లో నగలు తెప్పించి అమ్మే చెల్లెళ్లూ, అది సొంత సామాను కాదు, వ్యాపారం. సేల్స్ టాక్స్ రిజిస్ట్రేషన్ మీ రాష్ట్రంలో ఎలాగో కనుక్కోండి. హెచ్-4 మీద ఉండి పని అనుమతి లేనివాళ్లు అసలు ఆ జోలికి పోకండి, వీసాకే ఎసరు.

ఈ ఆదివారం నగలన్నీ ఫోటో తీసి, బరువు, ఎవరిచ్చారు, ఎప్పుడు, ధర ఎంత అని ఓ పుస్తకంలో రాయండి. అమ్మ ఉండగానే అడిగి రాయండి. తర్వాత అడగడానికి మనిషి ఉండదు. మీకు వచ్చిన నగ మీ పేరునే రాసుకోండి, మీ వారి పేరున కాదు.

ఉంటాను.