తొలిమెట్టు న్యాయస్థానం

న్యాయస్థానమనగానే మన మనస్సులో మెదిలేవి ఢిల్లీలోని సుప్రీంకోర్టు, అమరావతిలోని హైకోర్టు. పత్రికలు ప్రకటించేదీ వాటి తీర్పులనే. కాని దర్శి ప్రాంతపు మిర్చి రైతు, పత్తి రైతు, చిల్లర వర్తకుడు న్యాయం కోసం ముందుగా ఎక్కవలసిన మెట్టు ఊరిలోని జూనియర్ సివిల్ జడ్జి కోర్టు. ఇటువంటి కోర్టులనే పూర్వం మున్సిఫు కోర్టులనేవారు. 'ఇన్సాఫ్' చేసేవాడు మున్సిఫు. ఎంత చక్కని పేరు!

దావా, వకాల్తా, వాయిదా, హాజరు, రాజీ, జప్తు, నకలు - ఇవన్నీ అరబ్బీ, పారశీకాల నుండి ఉర్దూ మీదుగా వచ్చి తెలుగు పల్లెలలో స్థిరపడిన మాటలు. మాటలు అందరికీ తెలుసు. వాటి వెనుక నడిచే పద్ధతి మాత్రం చదువుకున్నవారిలో సైతం చాలమందికి తెలియదు. విచారింపదగిన విషయమిదే.

1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడు ప్రకారం, చట్టం నిషేధించినవి తప్ప, సివిల్ స్వభావం గల వివాదాలన్నింటినీ ఈ కోర్టులు విచారింపవచ్చును. దావాను, దానిని విచారించే అధికారం గల కోర్టులలో అన్నిటికంటె క్రింది కోర్టులోనే వేయాలి. దావా విలువ పెరిగిన కొద్దీ అది సీనియర్ సివిల్ జడ్జి కోర్టుకో, ఒంగోలులోని జిల్లా కోర్టుకో చేరుతుంది. సమను అందిన ప్రతివాది 30 రోజులలో జవాబు దాఖలు చేయాలి. కోర్టు అనుమతిస్తే 90 రోజుల వరకు గడువు ఉంటుంది. పిమ్మట న్యాయమూర్తి వివాదాంశాలను నిర్ణయిస్తారు. సాక్ష్యం, అడ్డు ప్రశ్నలు, వాదనలు ముగిసిన తరువాత తీర్పు, డిక్రీ వెలువడతాయి.

క్రింది కోర్టులో ఓడితే పైకోర్టు ఉన్నది కదా అని కొందరి ధీమా. మొదటి అప్పీలులో నిజానిజాలను మరల పరిశీలిస్తారు. అయితే ఆ పరిశీలన జరిగేది క్రింది కోర్టు రికార్డు ఆధారంగానే. క్రొత్త సాక్ష్యాన్ని అరుదుగా తప్ప అంగీకరించరు. రెండవ అప్పీలుకు ముఖ్యమైన న్యాయ సూత్రమేదైనా ఇమిడి ఉండాలి. కనుక పునాది పడేది తొలిమెట్టు మీదనే.

ఆ పునాదికి కావలసిన రాళ్లు కాగితాలు. ప్రామిసరీ నోటుపై సంతకం చేసినవాడు సొమ్ము పుచ్చుకొన్నాడనే చట్టం ముందుగా భావిస్తుంది. కాదని రుజువు చేయవలసిన భారం అతనిదే. ఖాళీ నోటుపై సంతకం ఎంతటి ప్రమాదమో వేరుగా చెప్పనక్కరలేదు. మిర్చి అమ్మి బాకీ తీర్చిన రైతు రసీదు పొందకపోతే, నోటుపై చెల్లు వేయించకపోతే, అతని నిజాయితీకి సాక్ష్యం ఏది? అటు అప్పిచ్చినవాడు సాధారణంగా మూడేళ్లు దాటనిస్తే, అతని హక్కూ కాలదోషానికి గురవుతుంది.

ఆలస్యాన్ని గురించి అందరూ నిందించేవారే. ఒక కక్షిదారుకు విచారణలో మూడుకు మించి వాయిదాలు ఇవ్వరాదని కోడు చెబుతున్నది. అయినా వాయిదాలు కోరేది తరచు కక్షిదారులమైన మనమే. డిక్రీ పొందడంతోనూ పని ముగియదు. అమలు కోసం వేరొక దరఖాస్తు పెట్టుకోవాలి. ఈ దేశంలో కక్షిదారు కష్టాలు డిక్రీ వచ్చిన తరువాతనే ఆరంభమవుతాయని ప్రీవీ కౌన్సిల్ 1872లోనే గుర్తించింది! అందుచేత రాజీకి వీలున్న తగవులకు లోక్ అదాలత్ మేలని నా అభిప్రాయం. 1987 నాటి చట్టం ప్రకారం దాని అవార్డు డిక్రీతో సమానం. దానిపై అప్పీలు లేదు. చెల్లించిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, అల్పాదాయ వర్గాలకు ఉచిత న్యాయసహాయం పొందే హక్కును ప్రసాదించింది కూడ ఆ చట్టమే.

వకీళ్లుండగా విద్యార్థులకు ఇదంతా ఎందుకని అడుగవచ్చును. రైతు నోటుపై వ్రేలిముద్ర వేసే వేళ ప్రక్కన వకీలు ఉండడు. కళాశాలలో చదివే కొడుకో కూతురో ఉండవచ్చును. ఎన్నో దావాలు ఓడిపోయేది కోర్టులో కాదు, ఆ ముద్ర పడిన నాడే.

కళాశాల కమిటీవారికి రెండు మనవులు. విచారణలు సాధారణంగా బహిరంగంగానే జరుగుతాయి కనుక, ఏటేటా విద్యార్థులను, తగిన అనుమతితో, ఒకనాడు కోర్టుకు తీసుకొని వెళ్లాలి. కోర్టు పదాలకు ఉర్దూ, తెలుగు వివరణలతో చిన్న పుస్తకమొకటి సిద్ధం చేయించాలి. విద్యార్థులారా! ఇంటిలోని నోట్లు, రసీదులు, దస్తావేజులు ఈ సెలవులలోనే ఒకసారి చదవండి. చదువురాని పెద్దలకు చదివి వినిపించండి. మీ చదువు ఇంటికి చెల్లించగల మొదటి బాకీ అదే.